టీవీ చర్చ చూస్తే ఓటు మారుతుందా?

2024 మే నెల. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణం, ఖరిదా ప్రాంతం. రాత్రి తొమ్మిది దాటింది. మా బంధువుల ఇంట్లో హైదరాబాద్ నుంచి వచ్చే ఒక తెలుగు వార్తా చానల్ నడుస్తోంది. తెర మీద ఆరు గళ్లు, ఆరుగురు మనుషులు. కనీసం నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ అయిపోయింది. అక్కడ ఎవరు గెలుస్తారన్నదే చర్చ. ఆ ఇంట్లోవాళ్ల ఓటు మాత్రం ఇంకా పడలేదు. ఖరగ్‌పూర్ మేదినీపూర్ లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. అక్కడ పోలింగ్ మే 25న.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మా పెదనాన్న ఆ చర్చను కదలకుండా చూస్తున్నారు. "ఇవన్నీ చూసి ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకుంటారా పెదనాన్నా?" అని అడిగాను. ఆయన నవ్వేశారు. "దీనికీ ఓటుకీ ఏటి సంబంధం? ఆల గొడవ అక్కడ. మన ఓటు ఇక్కడ."

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు కట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఖరిదాలో నేటికీ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ ఇళ్లలో రాత్రి చూసే చర్చలోని పార్టీలు వేరు, ఓటింగ్ యంత్రం మీద కనిపించే పార్టీలు వేరు. అయినా చర్చ మాత్రం రోజూ చూస్తారు. అంటే రాజకీయ చర్చను చూడటం, ఓటు నిర్ణయించుకోవడం ఒకటే పని కాకపోవచ్చు. మరి తాము ఓటు వేసే చోటి గురించే చర్చ జరిగితే, చూసినవాళ్ల ఓటు మారుతుందా? రాజకీయ శాస్త్రవేత్తలు, ఆర్థిక శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా కొలుస్తున్న ప్రశ్న ఇది. జవాబు చాలామంది ఊహించేలా లేదు.

రెండు రకాల చర్చలు

ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాల్లో ఎన్నికల చర్చ అంటే పోటీలో ఉన్న నాయకులే ఎదురెదురుగా నిలబడి, ఒకే ప్రశ్నకు తమ తమ జవాబులు చెప్పడం. మన దగ్గర టీవీ చర్చ అంటే ప్రధానంగా పార్టీల ప్రతినిధులు, విశ్లేషకులు రాత్రిపూట స్టూడియోలో వాదించుకోవడం.

మొదటి రకం చర్చ మన జాతీయ ఎన్నికల్లో ఆనవాయితీ కాలేదు. 2024 మేలో విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకుర్, అజిత్ పి. షా, సీనియర్ పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీని, రాహుల్ గాంధీని బహిరంగ చర్చకు ఆహ్వానిస్తూ లేఖ రాశారు. రాహుల్ గాంధీ అంగీకారం తెలిపారు. చర్చ మాత్రం జరగలేదు. పైగా మనది పార్లమెంటరీ వ్యవస్థ. మనం నేరుగా ప్రధానికో ముఖ్యమంత్రికో ఓటు వెయ్యం, మన నియోజకవర్గ అభ్యర్థికి వేస్తాం. ఆ అభ్యర్థులు ఒకే వేదిక మీద కనిపించడం ఇంకా అరుదు.

ఈ కారణంగా నాయకుల చర్చల మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఇతర దేశాలదే. అక్కడి నుంచి మొదలుపెట్టి ఖరగ్‌పూర్‌కు తిరిగి వద్దాం.

1960 నాటి కథ, అందులోని లోపం

1960 సెప్టెంబర్ 26న అమెరికా అధ్యక్ష అభ్యర్థులు జాన్ ఎఫ్. కెన్నెడీ, రిచర్డ్ నిక్సన్ షికాగోలోని టీవీ స్టూడియోలో తలపడ్డారు. సుమారు 7 కోట్ల మంది చూశారు. నిక్సన్ అప్పటికి కొద్ది రోజుల ముందే మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చారు. మనిషి నీరసంగా ఉన్నారు. కెన్నెడీ తాజాగా, ధీమాగా కనిపించారు. నవంబర్‌లో కెన్నెడీ చాలా స్వల్ప తేడాతో గెలిచారు.

అప్పటి నుంచి ఒక కథ ప్రచారంలో ఉంది. రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచారనుకున్నారట, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ గెలిచారనుకున్నారట. కాబట్టి ముఖమే ఎన్నికను తేల్చిందట. ఈ కథకు ఆధారం ఒక మార్కెట్ పరిశోధన సంస్థ చేసిన సర్వే. అందులో రేడియో శ్రోతలు 300 మంది కూడా లేరు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, 1960 నాటికి అమెరికాలో దాదాపు ప్రతి పది ఇళ్లలో తొమ్మిదింట టీవీ ఉంది. ఇంకా రేడియో మీదే ఆధారపడినవాళ్లలో ముందునుంచే నిక్సన్ వైపు మొగ్గిన గ్రామీణ ప్రాంతాలవారు ఎక్కువగా ఉండి ఉండవచ్చు. అంటే రేడియో వాళ్ల అభిప్రాయాన్ని మార్చిందో, అదే అభిప్రాయం ఉన్నవాళ్లు రేడియో దగ్గర కూర్చున్నారో ఆ సర్వే చెప్పలేదు. 1987లో ఇద్దరు పరిశోధకులు ఈ బలహీనతలన్నీ వరుసగా చూపించారు.

2003లో జేమ్స్ డ్రక్‌మన్ అనే రాజకీయ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగంగా చేసి చూశారు. 1960 చర్చ గురించి పెద్దగా తెలియని విద్యార్థులను తీసుకుని, కొందరికి దృశ్యంతో, కొందరికి శబ్దం మాత్రమే ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. దృశ్యం చూసినవాళ్లు కెన్నెడీ గెలిచారని చెప్పే అవకాశం నిజంగానే ఎక్కువని తేలింది. కాబట్టి బొమ్మకు బలం ఉంది. కానీ ఎవరు బాగా మాట్లాడారో చెప్పడం ఒకటి, ఓటు మార్చుకోవడం మరొకటి. అవతలి జట్టు బ్యాట్స్‌మన్ సెంచరీ కొడితే చప్పట్లు కొడతాం. అంతమాత్రాన జట్టు మారిపోము కదా.

కొలతలోని మూడు ఉచ్చులు

నేను భౌతికశాస్త్రం చదువుకున్నాను. ప్రయోగశాలలో మాకు మొదట నేర్పింది ఇదే. సూది కదిలిందంటే వస్తువు కదిలిందని వెంటనే రాయకూడదు, పరికరమే కదిలి ఉండొచ్చు. చర్చల ప్రభావాన్ని కొలవడంలోనూ అలాంటి ఉచ్చులు ఉన్నాయి.

మొదటిది, చూసేవాళ్లు ఎవరు అన్నది. రాజకీయ చర్చను గంటసేపు చూసేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే రాజకీయాల మీద ఆసక్తి, ఒక పక్షం మీద ఇష్టం ఉన్నవాళ్లు. చూసినవాళ్లను చూడనివాళ్లతో నేరుగా పోల్చితే కనిపించే తేడా చర్చ వల్ల వచ్చినదని చెప్పలేం.

రెండోది, నమూనా పరిమాణం. 1,000 మందిని అడిగిన సర్వేలో సహజంగానే 3 శాతం అటూ ఇటూ పొరపాటుకు వీలుంటుంది. ఆ పొరపాటును 1 శాతానికి తగ్గించాలంటే తొమ్మిది రెట్ల మందిని, అంటే 9,000 మందిని అడగాలి. చర్చకు ముందు ఒక పార్టీకి 44 శాతం, తర్వాత 46 శాతం అని సర్వే చెబితే, ఆ రెండు శాతం నిజమైన మార్పు కావచ్చు, ఉట్టి హెచ్చుతగ్గు కావచ్చు. మరుసటి ఉదయం పత్రికల్లో వచ్చే శీర్షికలు ఈ తేడా చూడవు.

మూడోది అందరికంటే మోసకారి. 2012 అక్టోబర్ 3న బరాక్ ఒబామా, మిట్ రామ్నీల మధ్య మొదటి చర్చ జరిగింది. ఒబామా తేలిపోయారని అందరూ అన్నారు. వెంటనే సర్వేలలో రామ్నీ బాగా పుంజుకున్నారు. ఆండ్రూ గెల్మన్ బృందం ఎక్స్‌బాక్స్ గేమింగ్ పరికరాల ద్వారా లక్షల జవాబులు సేకరించి, ఒకే మనుషులను పదేపదే అడిగి, ఈ మార్పును విడదీసి చూసింది. తేలింది ఏమిటంటే, ఆ కదలికలో ఎక్కువ భాగం ఓటర్లు మనసు మార్చుకోవడం వల్ల వచ్చినది కాదు. తమ నాయకుడి ప్రదర్శన చూసి నిరుత్సాహపడిన ఒబామా అభిమానులు సర్వేలకు జవాబివ్వడం తగ్గించారు. ఉత్సాహంలో ఉన్న రామ్నీ అభిమానులు ఎక్కువగా జవాబిచ్చారు. సూది కదిలింది, ఓటర్లు మాత్రం చాలావరకు ఉన్నచోటే ఉన్నారు.

బ్రిటన్‌లో 2010లో ఇంకో పాఠం దొరికింది. ఏప్రిల్ 15న ఆ దేశ చరిత్రలో తొలి టీవీ నాయకుల చర్చ జరిగింది. మూడో పార్టీ అయిన లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ అదరగొట్టారు. సర్వేలలో ఆ పార్టీ 30 శాతం దాకా ఎగబాకింది. మూడు వారాల తర్వాత మే 6న అసలు ఓట్లు లెక్కపెడితే వచ్చింది 23 శాతం. అంతకుముందు ఎన్నికల కంటే ఒక్క శాతం ఎక్కువ. సీట్లు మాత్రం 62 నుంచి 57కు తగ్గాయి.

62 ఎన్నికలు, 56 చర్చలు

ఒక్కో చర్చను విడిగా చూస్తే ఎవరికి నచ్చిన ఉదాహరణ వాళ్లు ఎంచుకోవచ్చు. కరోలిన్ లె పెన్నెక్, విన్సెంట్ పాన్స్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చారు. 1952 నుంచి పది దేశాల్లో జరిగిన 62 ఎన్నికల సర్వేలు, 56 టీవీ చర్చలు, 2,53,000 నమోదులు. ఈ పరిశోధన 2023లో ప్రచురితమైంది.

వాళ్ల పద్ధతి సులభంగానే అర్థమవుతుంది. ఒక్కొక్కరిని ఎన్నికలకు ముందు ఏదో ఒక రోజున "ఎవరికి వేస్తారు?" అని అడిగారు. ఎన్నికలయ్యాక "ఎవరికి వేశారు?" అని మళ్లీ అడిగారు. రెండు జవాబులూ కలిస్తే, ఆ మనిషి మొదటిసారి అడిగే నాటికే నిర్ణయం తీసుకున్నట్టు. ఎన్నికకు 60 రోజుల ముందు అడిగినవాళ్లలో జవాబులు కలిసినవాళ్లు కొంత తక్కువ ఉంటారు. దగ్గరపడేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. దీన్ని గ్రాఫు గీస్తే నెమ్మదిగా పైకి ఎక్కే గీత వస్తుంది.

చర్చ నిజంగా ఓటును తేలుస్తున్నట్టయితే, చర్చ జరిగిన రోజు దగ్గర ఆ గీతలో ఒక మెట్టు కనిపించాలి. అంటే చర్చ ముందు రోజు అడిగినవాళ్ల కంటే, మరుసటి రోజు అడిగినవాళ్ల జవాబు చివరి ఓటుతో బాగా ఎక్కువగా కలవాలి. అలాంటి మెట్టు కనిపించలేదు. దగ్గరి పోటీ ఉన్న ఎన్నికలైనా, కాకున్నా అంతే.

అలాగని ఓటర్లు రాళ్లలా కదలకుండా ఉన్నారని కాదు. చివరి రెండు నెలల్లో 17 నుంచి 29 శాతం మంది తమ నిర్ణయాన్ని ఖరారు చేసుకున్నారో, మార్చుకున్నారో తేలింది. ఇది చిన్న సంఖ్య కాదు. ఏ సమస్య ముఖ్యం, ఏ అభ్యర్థి ఎలాంటివాడు అన్న విషయాల్లో వాళ్ల అభిప్రాయాలు కూడా మారాయి. కానీ ఆ మార్పు చర్చ జరిగిన ఒక్క రాత్రిలో రాలేదు. వార్తలు, కార్యకర్తలు, ఇరుగుపొరుగు, ఇంట్లోవాళ్లు ఇలా అనేక దారుల్లో కొద్దికొద్దిగా వచ్చింది.

సియెర్రా లియోన్‌లో వేరే ఫలితం

ఇక్కడితో ఆపేస్తే "చర్చలు దండగ" అన్న మాట మిగులుతుంది. కానీ పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో జరిగిన ఒక ప్రయోగం ఈ ముగింపును తిప్పికొట్టింది.

ఆ దేశంలో 2012 పార్లమెంటు ఎన్నికలకు ముందు కొన్ని నియోజకవర్గాల అభ్యర్థుల మధ్య చర్చలు జరిపి వీడియో తీశారు. తర్వాత 224 పోలింగ్ కేంద్రాల పరిధిని ఎంచుకుని, చీటీలు తీసినట్టు సగాన్ని అంటే 112 కేంద్రాలను విడదీసి, ఆ ఊళ్లలో మాత్రమే బహిరంగంగా తెర కట్టి వీడియో చూపించారు. మిగతా 112 చోట్ల చూపించలేదు. ఎక్కడ చూపించాలో చీటీయే నిర్ణయించింది కాబట్టి, మొదటి ఉచ్చు ఇక్కడ పనిచేయదు.

చర్చ చూపిన చోట్ల ప్రజలకు అభ్యర్థుల గురించి, ఎంపీకి వచ్చే నిధుల గురించి తెలిసిన విషయాలు పెరిగాయి. చర్చలో బాగా రాణించిన అభ్యర్థికి ఓట్ల వాటా కొన్ని శాతం పాయింట్లు పెరిగింది. అభ్యర్థులు ఆ ఊళ్ల మీద ప్రచారానికి ఎక్కువ శ్రద్ధ పెట్టారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. చర్చల్లో పాల్గొని గెలిచిన ఎంపీలు, మిగతా ఎంపీలతో పోల్చితే, నియోజకవర్గ అభివృద్ధి నిధిని పనుల మీద ఎక్కువగా ఖర్చు పెట్టారు. పదిమంది ముందు, కెమెరా ముందు మాట ఇచ్చిన మనిషి గెలిచాక దాన్ని మరవలేకపోయాడన్నమాట.

అమెరికాలో కనిపించని ప్రభావం ఇక్కడెందుకు కనిపించింది? అమెరికా ఓటరు చర్చకు కూర్చునేసరికి ఇద్దరు అభ్యర్థుల గురించీ నెలల తరబడి విని ఉంటాడు. నిండిన బిందెలో ఇంకో చెంబు నీళ్లు పోస్తే పొర్లిపోతాయి. సియెర్రా లియోన్ పల్లెలో ఓటరుకు తన అభ్యర్థుల పేర్లు కూడా సరిగా తెలియకపోవచ్చు. అక్కడ ఒక్క గంట వీడియో కూడా చాలా కొత్త సంగతులు చెబుతుంది. కాబట్టి చర్చ ప్రభావం చర్చలో ఉన్న వేడి మీద కాక, చూసేవాళ్లకు ముందే ఎంత తెలుసు అన్నదాని మీద ఆధారపడుతుంది.

పక్కవాడి చప్పట్లు

చర్చ ఓటును మార్చకపోయినా, చర్చ గురించిన మన అంచనాను ఇతరులు సులువుగా మార్చగలరు. 1984లో రోనాల్డ్ రీగన్ ఒక చర్చలో తన వయసు మీద వేసిన జోకు చరిత్రలో నిలిచిపోయింది. తర్వాత కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ వీడియోను ప్రయోగానికి వాడారు. జోకులు అలాగే ఉంచి, ప్రేక్షకుల నవ్వులు, చప్పట్లు మాత్రం తీసేసి కొందరికి చూపించారు. వాళ్లు రీగన్‌కు బాగా తక్కువ మార్కులు వేశారు.

బ్రిటన్‌లో 2010 చివరి చర్చను 150 మందికి చూపిస్తూ, తెర కింద "ఇతర ఓటర్ల స్పందన" అంటూ కదిలే ఒక గీతను పరిశోధకులు తామే తయారుచేసి కలిపారు. ఆ గీత ఎవరి వైపు మొగ్గు చూపితే, ఆ నాయకుడే చర్చలో గెలిచాడని చూసినవాళ్లలో ఎక్కువమంది అనుకున్నారు. మన చానళ్లలో తెర మూలన తిరిగే పోల్ శాతాలు, "ఫలానా నాయకుడి నోరు మూయించిన యాంకర్" లాంటి శీర్షికలు ఎందుకు ఉంటాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఒక్క రాత్రి కాదు, ప్రతి రాత్రి

మరి మన చానళ్లలో రోజూ సాగే చర్చల మాట? ఒక గంట చర్చ వేరు, ఏళ్ల తరబడి ఒకే వైపు మొగ్గిన చానల్‌ను చూడటం వేరు. అమెరికాలో ఫాక్స్ న్యూస్ చానల్ 1996 అక్టోబర్‌లో మొదలైంది. 2000 నాటికి కొన్ని ఊళ్ల కేబుల్‌లో వచ్చేది, పక్క ఊళ్లలో వచ్చేది కాదు. ఎక్కడ వస్తుందన్నది ఎక్కువగా కేబుల్ కంపెనీల ఏర్పాట్ల మీద ఆధారపడింది. స్టెఫానో డెల్లావిగ్నా, ఈథన్ కప్లన్ ఈ తేడాను ఉపయోగించుకుని 9,000కు పైగా ఊళ్ల ఓట్లను పోల్చారు. చానల్ వచ్చిన చోట రిపబ్లికన్ పార్టీ ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగింది. వినడానికి చిన్నదే. కానీ 2000లో ఫ్లోరిడా రాష్ట్రంలో, దానితోపాటు అధ్యక్ష పదవికి, తీర్పు చెప్పింది 537 ఓట్లు.

మన దేశంలో రాహుల్ వర్మ, శ్రేయస్ సర్దేశాయి 2014 ఎన్నికల సర్వేల ఆధారంగా ఒక విశ్లేషణ చేశారు. వార్తా మాధ్యమాలను ఎక్కువగా చూసేవారిలో, చదివేవారిలో బీజేపీకి ఓటు వేసిన వాటా ఎక్కువని చూపించారు. అయితే ఇలాంటి లెక్కలో మొదటి ఉచ్చు మళ్లీ ఎదురవుతుంది. వార్తలు ఎక్కువగా చూసేవాళ్లు నగరాల్లో ఉండేవారు, చదువుకున్నవారు అయ్యే అవకాశం ఎక్కువ. గణాంక పద్ధతులతో ఆ తేడాలను కొంతవరకు సరిచేయవచ్చు. చీటీ తీసి జరిపిన ప్రయోగమంత గట్టి రుజువు మాత్రం దొరకదు.

ఖరగ్‌పూర్ లెక్కలు

ఇప్పుడు మా పెదనాన్న ఓటు వేసే ఖరగ్‌పూర్ సదర్ నియోజకవర్గానికి వద్దాం. 2019 మేలో లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క అసెంబ్లీ సెగ్మెంటులో బీజేపీ అభ్యర్థి దిలీప్ ఘోష్‌కు 45,000కు పైగా ఆధిక్యం వచ్చింది. ఆయన ఎంపీ కావడంతో ఖాళీ అయిన అసెంబ్లీ స్థానానికి అదే ఏడాది నవంబర్ 25న ఉప ఎన్నిక జరిగింది. తృణమూల్ కాంగ్రెస్ అభ్యర్థి ప్రదీప్ సర్కార్ 20,853 ఓట్లతో గెలిచారు. ఆరు నెలల్లో త్రాసు ఇటు నుంచి అటు 65,000కు పైగా ఓట్ల మేర ఒరిగింది. 2021లో మళ్లీ తిరిగింది. బీజేపీ అభ్యర్థి హిరణ్ చటర్జీ 3,771 ఓట్లతో గెలిచారు.

ఆ ఆరు నెలల్లో ఓటర్లు కదిలిన మాట నిజం. కానీ ఆ కదలికకు టీవీ చర్చ కారణమనడానికి ఏ ఆధారమూ లేదు. ఒకటి దేశం కోసం జరిగిన ఎన్నిక, రెండోది ఊరి కోసం. అభ్యర్థులు మారారు, ఓటు వేయడానికి వచ్చినవాళ్లు తగ్గారు, జాతీయ పౌర పట్టిక గురించి అప్పుడు బెంగాల్ అంతటా ఆందోళన ఉంది. ఇన్ని మారినప్పుడు ఒక్కదాన్ని వేలుపెట్టి చూపడం కుదరదు. 2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారిని దృష్టిలో పెట్టుకున్న నిర్ణయమది. కొద్ది నెలలకే వచ్చిన ఎన్నికలో అధికార పార్టీ ఇక్కడ ఓడింది. ఆ నిర్ణయం లేకపోతే ఇంకా ఎక్కువ తేడాతో ఓడేదా, అదేమీ పనిచేయలేదా? ఒక్క ఫలితం చూసి చెప్పలేం.

అయితే 3,771 అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మొదటి ఇద్దరికీ కలిపి పడ్డ ఓట్లు సుమారు 1,55,000. వాళ్లలో 1,886 మంది గెలిచిన వైపు నుంచి ఓడిన వైపుకు మారి ఉంటే ఫలితం తారుమారయ్యేది. అంటే వందమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. సాధారణ సర్వేలు పసిగట్టలేనంత చిన్న ప్రభావం కూడా ఇలాంటి సీటును తిప్పేయగలదు. "చర్చల ప్రభావం కనిపించలేదు" అన్న మాటను "ప్రభావం ఎప్పుడూ సున్నా" అని చదవకూడదు.

మరి ఓట్లు ఎక్కడ కదులుతాయి? 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక కౌంటీ ఓటర్లను మే నుంచి నవంబర్ దాకా నెలనెలా కలిసి మాట్లాడింది. రేడియో, పత్రికల ప్రభావం చూద్దామని వెళ్లినవాళ్లకు కనిపించింది వేరు. ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి మారినవాళ్లు కొద్దిమందే. ప్రచారం చాలామందిలో ఉన్న ఇష్టాన్నే గట్టిపరిచింది. మనసు తేల్చుకోనివాళ్ల మీద ఎక్కువ పనిచేసినవి తెలిసినవాళ్ల మాటలు. వార్తలు శ్రద్ధగా వినే కొందరు వ్యక్తుల ద్వారా అవి మిగతావాళ్లకు చేరాయి. రెండు అంచెల ప్రవాహం అని దీనికి పేరు పెట్టారు. ఖరిదా టీ కొట్టు దగ్గర పొద్దున్నే పేపరు చదివి నలుగురికీ చెప్పే మనిషిని చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఖరిదాకు కావలసిన చర్చ

పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. అందరికీ ముందే తెలిసిన నాయకుల గురించి ఇంకో చర్చ పెడితే ఓటు పెద్దగా మారదు. తెలియని అభ్యర్థి గురించి, తమకు సంబంధించిన విషయం మీద సమాచారం దొరికితే మారుతుంది. 2008 ఢిల్లీ అసెంబ్లీ ఎన్నికలకు ముందు కొన్ని మురికివాడల్లో ఎమ్మెల్యేల పనితీరు కార్డులను ప్రచురించిన హిందీ దినపత్రికను ఇంటింటికీ పంచి చూశారు. ఎంచుకున్న చోట్ల పోలింగ్ పెరిగింది, డబ్బు పంపకం తగ్గింది, బాగా పనిచేసిన ఎమ్మెల్యేలకు ఓట్లు పెరిగాయి.

ఖరిదాలో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంది. తాము ఓటు వేయని రాష్ట్రం గురించి ప్రతి రాత్రీ సొంత భాషలో గంటల కొద్దీ చర్చ దొరుకుతుంది. తాము ఓటు వేసే పట్టణంలో మురుగు కాలువల గురించి, మంచినీళ్ల గురించి, రైల్వే స్థలాల్లోని ఇళ్ల గురించి అభ్యర్థులు ఒకే వేదిక మీద తెలుగులో జవాబు చెప్పిన చర్చ నా ఎరుకలో ఒక్కటీ లేదు. ఇక్కడి బిందె ఒకవైపు పొంగిపొర్లుతోంది, రెండోవైపు ఖాళీగా ఉంది.

దీన్ని పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఖరగ్‌పూర్ పురపాలక సంఘంలో 35 వార్డులు ఉన్నాయి. అసెంబ్లీ అభ్యర్థులందరూ ఒప్పుకుంటే, ఒకే ప్రశ్నలకు వాళ్ల జవాబులను బెంగాలీ, హిందీ, తెలుగు భాషల్లో రికార్డు చేసి, చీటీ తీసి ఎంచిన సగం పోలింగ్ కేంద్రాల పరిధిలో తెర కట్టి చూపవచ్చు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలన్న చట్టం ఎలాగూ ఉంది, ఆలోపే పూర్తి చేయాలి. ఫలితం కోసం ఎవరి గుట్టూ అడగక్కర్లేదు. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఎన్నికల అధికారులు ఫారం 20లో ప్రకటిస్తారు. చూపిన చోట్లనూ చూపని చోట్లనూ పోల్చితే చాలు. ఇక్కడ తెర కట్టడం వల్ల ఓటు మారకపోయినా, గెలిచిన మనిషి ఇచ్చిన మాట రికార్డై ఉంటుంది. సియెర్రా లియోన్ ఎంపీల విషయంలో అదే పనిచేసింది.

అప్పటిదాకా చర్చ చూసేవాళ్లు తమ మీద తామే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. టీవీ పెట్టే ముందు, ఫలానా విషయం మీద మీకు తెలిసినవి రెండు ముక్కల్లో కాగితం మీద రాయండి. చర్చ అయ్యాక కొత్తగా తెలిసింది ఏమిటో దాని కింద రాయండి. ఎవరు ఎవరిని ఏమన్నారో రాయకూడదు, తెలిసిన సంగతి మాత్రమే రాయాలి.

ఆ రాత్రి పెదనాన్న చేత ఈ పరీక్ష చేయించాను. చర్చ గంట పది నిమిషాలు సాగింది. రెండో గడిలో ఆయన ఏమీ రాయలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి, "మన ఖరగ్‌పూర్‌లో నిలబడ్డోళ్ల పేర్లు చెప్పు, అవి రాసుకుంటాను" అన్నారు. నాకు ఇద్దరి పేర్లే తెలుసు. మిగతావి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో వెతికి, అఫిడవిట్లు తెరిచి, ఒక్కొక్కటీ తెలుగులో చదివి వినిపించేసరికి పదకొండున్నర అయింది. టీవీ ఎప్పుడు కట్టేశామో ఇద్దరికీ గుర్తులేదు.